పడిన వరసలో

తగరపువలస,
27 జనవరి 2025.

బావకి,

నీలకంఠం రాస్తున్నాను. ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. జేబులో ఫోను పెట్టుకుని పోస్టాఫీసు చుట్టూ తిరిగేవాడిని ఈ ఊళ్లో నేనొక్కడినే అయ్యుంటాను. కానీ ఫోనులో అయితే నువ్వు రెండు జోకులేసి, ఫోను మా చెల్లెలు కుసుమ చేతికిచ్చేసి తప్పుకుంటావు. ఈ నెలలో మూడుసార్లు అదే జరిగింది. అదీగాక నాకు కావలసింది కాగితమే.

డిసెంబరు ఒకటిన మన క్లబ్బులో జరిగిన నాలుగు గంటల పందెం గురించి రాస్తున్నాను. నీకు తెలిసిన సంగతులే అయినా మొదట్నుంచీ రాస్తాను. నీ జవాబుతో పాటు ఈ ఉత్తరం నకలు కూడా శ్రీసత్యకి చూపించాలి. కన్నకూతురే అయినా దానికి మన స్లాట్ కార్ల సంగతి బొత్తిగా తెలియదు.

అరచేతిలో పట్టే కార్లు. చెక్క ట్రాకులో గాడి తవ్వి, గాడికి రెండు పక్కలా రాగి పట్టీ అంటిస్తే ఆ పట్టీలోంచి కారుకి కరెంటు అందుతుంది. డ్రైవరు చేతిలో ట్రిగ్గరు. నొక్కితే పరుగు, వదిలితే నెమ్మది. మలుపులో ఎక్కువ నొక్కామా, కారు గాడి వదిలేసి పల్టీ కొడుతుంది. పడిన కారుని లేపి గాడిలో పెట్టడానికి ప్రతి మలుపు దగ్గరా ఒక మార్షల్ నిలబడతాడు. ఆ గంట డ్రైవింగు లేనివాళ్లందరూ మార్షల్ పని చెయ్యాలన్నది మన కట్టుబాటు. కారు పడగానే దాని రంగు కేకవెయ్యాలి. ఆ కేక వినగానే మిగతావాళ్లు ట్రిగ్గరు వదలాలి. తన టీము కారైనా, ఎదుటి టీము కారైనా, పడిన వరసలోనే లేపాలి.

మన టీము నువ్వూ నేనూ బాబీ. మన కారు పసుపు. గురునాథరావు గారి హార్బర్ టీము కారు నీలం. సాయంత్రం నాలుగింటికి మొదలుపెట్టి గంటకోసారి లేన్లు మారాం. ఏడింటికి, ఆఖరి గంటకి, మన కారుకి కొత్త బాడీ తొడిగాం. దాని మీద ఒక్క గీత లేదు. నువ్వు డ్రైవింగుకి నిలబడ్డావు. నేను డాల్ఫిన్ నోస్ మలుపు దగ్గర మార్షల్‌గా నిలబడ్డాను. ఆ మలుపుకి అడ్డంగా కాగితం గుజ్జుతో కొండ కట్టింది నేనే. అందుకే దాని వెనక ఏం జరిగినా మార్షల్‌కి తప్ప ఇంకెవరికీ కనపడదు.

ఎనిమిదికి మూడు నిమిషాలుందనగా పసుపూ నీలమూ ఇంచుమించు పక్కపక్కనే కొండ వెనక్కి వచ్చాయి. నీలం తిరగబడి మన లేనుకి అడ్డంగా పడింది. "నీలం!" అని కేకేశాను. వెనకే పసుపు వచ్చి దాన్ని గుద్ది ఎగిరిపడింది. ముందు నీలాన్ని లేపాను. తర్వాత పసుపుని లేపాను. ఎనిమిదికి కరెంటు ఆపితే ఇద్దరికీ పద్దెనిమిది వందల నలభై ఆరు ల్యాపులు. నీలం మనకంటే ఆరడుగులు ముందుంది.

ఓడిపోయాం, అంతటితో పోయేది. కానీ ఆ మంగళవారమే శ్రీసత్యకి గురునాథరావు గారు మేనేజరుగా ఉన్న షిప్పింగ్ ఆఫీసులో ఇంటర్వ్యూ. ఉద్యోగం వచ్చింది. వారం తిరక్కుండా క్లబ్బంతా ఒకటే మాట. ముందు పడింది పసుపట. నీలకంఠం కూతురి ఉద్యోగం కోసం నీలాన్ని ముందు లేపాడట. ఆ మాట నడిచి నడిచి ఆఫీసు క్యాంటీను దాకా వెళ్లింది. పిల్ల ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"నాన్నా, ఆ ఉజ్జోగం నా సదువుకి ఇచ్చారా, నీ సేతికి ఇచ్చారా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. జనవరి మూడున రాజీనామా ఇచ్చేసింది. దువ్వాడలో తల ఎత్తుకోలేక ఈశ్వరి పుట్టింటి ఊరు వచ్చేశాం. తలుపులూ కిటికీలూ చేసే షెడ్డులో పనికి కుదిరాను. శ్రీసత్య నాతో మాట్లాడదు. నేను పక్కనే కూర్చున్నా, "అమ్మా, ఆయనకి పెరుగు కావాలేమో అడుగు" అంటుంది.

నాకు కావలసింది ఇది. నేను చెప్పేది నిజమైతే మన కారు ముక్కు మీద నీలం రంగు అంటుకుని ఉంటుంది. వాళ్లు చెప్పేది నిజమైతే వెనక బంపరు మీద ఉంటుంది. కారు చూడు. చూసింది చూసినట్టు కాగితం మీద రాసి పంపు. నా మాట నమ్మదు గాని నీ మాట నమ్ముతుంది. చిన్నప్పుడు నీ భుజాల మీద ఎక్కే కదా బీచి చూసింది.

నీ జవాబు కోసం రోజూ పోస్టుమేన్ దారి చూస్తుంటాను.

నీలకంఠం


దువ్వాడ,
9 ఫిబ్రవరి 2025.

పోస్టల్ డిపార్టుమెంటుని ఒంటిచేత్తో నిలబెడుతున్న బావగారికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ చెల్లెలు కోర్టు నోటీసనుకుని వణికిపోయింది. విప్పి చూస్తే నాలుగు పేజీలు! పెళ్లయ్యాక నాకు ఎవరూ ఇంత పెద్ద ఉత్తరం రాయలేదు. పెళ్లికి ముందు కూడా రాయలేదనుకో.

ఇక్కడ అంతా బాగానే ఉంది. క్లబ్బులో ఆదివారాలు నడుస్తున్నాయి. నువ్వు లేక రాగి పట్టీ రెండు చోట్ల లేచిపోయింది. మావాళ్లెవరికీ అంటించడం చేతకావడం లేదు, కార్లు ఆ చోటికి రాగానే ఎక్కిళ్లు పెడుతున్నాయి. కుసుమ మొన్న పూర్ణా మార్కెట్టుకి వెళ్లినప్పుడు నీకిష్టమని ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చి డబ్బాలో పెట్టింది. వచ్చి తీసుకెళ్లు.

అసలు సంగతికొస్తాను. బావా, గోరంతని కొండంత చేస్తున్నావు. ఎంత చెప్పినా బొమ్మ కార్లు. మనం హార్బరులో ఓడేమీ ముంచలేదు. ఎవరో ఏదో అంటారు, ఊరి నోరు మూయించగలమా? నేనైతే నీ గురించి ఒక్క మాట అనలేదు. ఎవడైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేస్తున్నాను.

ముందు ఏది పడిందంటే నాకు నిజంగా తెలియదు. కొండ వెనక నాకేం కనపడుతుంది? నీ కేక కూడా వినపడలేదు. ఆ ఆఖరి నిమిషాల్లో హాలంతా ఎంత గోలగా ఉందో నీకూ తెలుసు కదా. ఇక కారంటావా, బాబీ దగ్గరుందనుకుంటాను. వాడి స్పేర్ పార్టుల కొట్లో ఏ పెట్టెలో పడేశాడో. దొరికితే చూస్తాను.

శ్రీసత్యకి నేనే ఫోను చేసి మాట్లాడతాను. ఆడపిల్ల కోపం, నాలుగు రోజులుంటుంది. నువ్వు మాత్రం మొహం మామూలుగా పెట్టుకుని ఉండు. పళ్లెం ముందు దేవదాసులా కూర్చుంటే దానికి ఇంకా కోపం వస్తుంది.

నీ బావ,
తిరుమలరావు


తగరపువలస,
20 ఫిబ్రవరి 2025.

బావా,

బొమ్మ కార్లంటావా? ఆ బొమ్మ కార్ల కోసం నాలుగు నెలలు ఆటోనగర్ ఫౌండ్రీలో పని దిగి, తిన్నగా ఇంటికి కూడా వెళ్లకుండా ఆ క్లబ్బు మేడ మీద మోకాళ్ల మీద కూర్చుని గాడి తవ్వింది నేను. పక్కన టార్చి పట్టుకున్నది నువ్వు. ప్రారంభం రోజున "మా బావ సెయ్యి పడితే సెక్క కూడా మాట ఇంటాది" అని అందరి ముందూ అన్నదీ నువ్వే. ఆరోజు అవి బొమ్మ కార్లు కాలేదు.

బాబీని అడిగాను. కారు వాడి దగ్గర లేదు. పందెం అవగానే నువ్వే చొక్కా జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లావట. నీకు గుర్తులేదేమో అనుకుందామని చాలా ప్రయత్నం చేశాను. చేతకావడం లేదు.

శ్రీసత్యకి ఫోను చేశావు. సంతోషం. ఏమన్నావో ఈశ్వరి చెప్పింది. "నాకేటీ కనపళ్లేదమ్మా. నాన్న ఏటి సేసినా నీ మంచికే సేసుంటాడు" అన్నావట. ఎంత మంచి మాట! ఇంతకంటే "అవునమ్మా, చేశాడు" అన్నా బాగుండేది. ఫోను పెట్టేసి వాళ్లమ్మతో, మావయ్య కూడా కాదనలేకపోయాడు అందట. అంతకుముందు దానికి అనుమానమే, ఇప్పుడది రూఢి అయింది. ఆ రోజు నుంచి పెరుగు సంగతి కూడా అడగడం మానేసింది.

మా ఫౌండ్రీలో అచ్చు చెక్కేటప్పుడు కొలతకంటే కాస్త పెద్దది చెక్కుతాం. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది, అందుకని. ఈ మాట కూడా అలాగే చల్లారి చిన్నదైపోతుందని నేను జనవరి అంతా ఎదురుచూశాను. ఇది పెరుగుతోంది. ఇక్కడి స్కూల్లో దానికి టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. ఎవరు సిఫారసు చేశారు అని అడిగిందట. నేనేమో అనుకుని వద్దనేసింది. నాకు ఆ హెడ్‌మాస్టరు ముక్కూ మొహం తెలియదు.

ఇరవై రెండేళ్ల పిల్ల, బావా. చదివిన చదువు మీద నమ్మకం పోయి ఇంట్లో కూర్చుంది. నన్ను గెలిపించమని అడగడం లేదు. కారు ముక్కు మీద ఏముందో చూసి చెప్పమంటున్నాను.

నీలకంఠం


దువ్వాడ,
16 మార్చి 2025.

నీలకంఠం గారికి,

మీరు బాబీకి ఫోన్లు చేసి నా మీద ఎంక్వైరీలు నడుపుతున్నారని తెలిసింది. దొంగని పట్టుకోవడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరులా ఉత్తరాలు రాస్తున్నారు. ఈ ఉత్తరాల వల్ల మా ఇంట్లో కుసుమ నాతో సరిగా మాట్లాడటం లేదు. మీ ఇంట్లో అంటుకున్నది మా ఇంటికీ అంటించారు.

కారు నా దగ్గరే ఉంది. మరిచిపోయాను, అదేమీ నేరం కాదు. మీరు అడిగినట్టే చూశాను. ముక్కు మీద నీలం రంగు లేదు. పసుపే ఉంది. కావాలంటే ఈ ముక్క మీ అమ్మాయికి చూపించుకోండి.

నలుగురూ అనేది మీరు వింటున్నారు. ఎవరూ మీ పేరు పెట్టి పోలీసు కేసు పెట్టలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఊరు విడిచి వెళ్లింది మీరే. ఏమీ చెయ్యనివాడు ఎందుకు వెళ్తాడు అని జనం అంటే నేనేం జవాబు చెప్పను?

ఇకపై ఈ విషయం మీద నాకు రాయవద్దు.

తిరుమలరావు


తగరపువలస,
24 మార్చి 2025.

బావా,

వెనక బంపరు మీద ఏముందో రాయలేదేం? ముక్కు మీదా లేక, వెనకా లేకపోతే ఆ రెండు కార్లూ ఒకదాన్నొకటి తగలనే లేదన్నమాట. మరి పసుపు ఎందుకు పడింది?

పందెం అయిన రాత్రి మేడ కింద టీ కొట్టు దగ్గర శ్రీసత్య ఇంటర్వ్యూ మాట మొదట ఎత్తింది ఎవరో బాబీ చెప్పాడు. నేను అడగలేదు, వాడే చెప్పి ఏడ్చాడు. ఆ పేరు నేను ఈ కాగితం మీద రాయను. చెల్లెలి మొహం చూసి ఊరుకుంటున్నాను.

నువ్వు అడిగినట్టే ఇక రాయను.

నీలకంఠం


దువ్వాడ,
8 జూన్ 2025.

బావా,

రాయొద్దని నేనే అన్నాను, నేనే రాస్తున్నాను. చివరిదాకా చదువు. ఆ తర్వాత నీ ఇష్టం.

హాలు ఖాళీ చెయ్యమన్నారు. అక్కడ కోచింగ్ సెంటరు వస్తోంది. ట్రాకు మెట్ల మీద నుంచి దిగలేదు. నువ్వు పైనే కట్టావు కదా, దించాల్సి వస్తుందని మనమెవరం అనుకోలేదు. నాలుగు ముక్కలుగా కోశాం. రంపం నేను పట్టాను. డాల్ఫిన్ నోస్ మలుపు దగ్గరికి వచ్చేసరికి, కోయడానికి మార్షల్ నిలబడే చోట నిలబడాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో నేను ఆ చోట ఎప్పుడూ నిలబడలేదు, తెలుసా? ఎప్పుడూ ఏదో వంక పెట్టి తేలిక మలుపు తీసుకునేవాణ్ణి. చెక్క అంచున, మార్షల్ కళ్లకి కనపడేలా, "పడిన వరసలో లేపాలి" అని నువ్వు తెల్ల రంగుతో రాసి ఉంచావు. తలెత్తి చూస్తే డ్రైవర్లు నిలబడే చోటు ఎదురుగానే ఉంది. టేపు పెట్టి కొలిచాను. ఎనిమిది అడుగులు. ఎనిమిది అడుగుల దూరం నుంచి నువ్వు అరిచిన అరుపు నాకు వినపడలేదని నీకు రాశాను.

విన్నాను బావా. నీలం పడిందని విన్నాను. వదలాలని తెలుసు. ఈ ఒక్క ల్యాపు నొక్కి ఉంచితే గెలిచేస్తామనుకున్నాను. నొక్కాను. గుద్దాను. ఓడిపోయింది నా వేలి వల్ల. ఆ మాట పదిమంది ముందు ఒప్పుకోలేకపోయాను.

హాలు దిగి టీ కొట్టు దగ్గర నిలబడితే అందరూ ఏమైంది, ఏమైంది అని నన్నే అడుగుతున్నారు. నోటికి అదే వచ్చింది. "కూతురి ఉజ్జోగం కోసం సేసాడ్రా, ఇంకేటి" అన్నాను. ఇంటర్వ్యూ సంగతి అక్కడున్నవాళ్లలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు నాకు సంతోషంగా చెప్పుకున్న మాటది. అన్న మరుక్షణం తప్పని తెలిసింది. కానీ వాళ్లు నమ్మేశారు. నమ్మాక నాకు హాయిగా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ రాత్రి టీ నాకు రుచిగానే ఉంది.

ఇంటికెళ్లి కారు తీసి చూస్తే ముక్కు మీద చిటికెన వేలి గోరంత నీలం. అప్పుడే పసుపు డబ్బా తీసి అద్దేశాను. నీ మొదటి ఉత్తరం రావడానికి ఎనిమిది వారాల ముందే అద్దేశాను. ముక్కు మీద పసుపే ఉందని నీకు రాసింది అక్షరాలా నిజం. ఆ ఉత్తరం పోస్టు చేసి వచ్చి అన్నం తినలేకపోయాను. కుసుమ ఏమైందని అడిగితే దాని మీద అరిచాను.

ఇప్పుడు క్లబ్బులో చెబుదామంటే క్లబ్బు లేదు. గురునాథరావు గారికి గుజరాత్ బదిలీ అయింది. మిగతావాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. ఒక్కొక్కరికీ ఫోను చేస్తాను. నువ్వు ఊ అంటే ఈ వారమే మొదలుపెడతాను.

కారు దీంతో పాటే పార్సిలు చేస్తున్నాను. శ్రీసత్యకి నీలం మరక చూపిద్దామని నేను అద్దిన రంగుని బ్లేడుతో గీకాను. నా పసుపుతో పాటు దాని కింద ఉన్న నీలం కూడా లేచిపోయింది. ఇప్పుడు ముక్కు తెల్లగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని. కారులో ఏమీ మిగల్లేదు గాని నువ్వు అడిగిన కాగితం ఇదిగో. పిల్లకి చూపించు. తప్పు మావయ్యది, నాన్నది కాదని చెప్పు.

మొహం చూపించడానికి ధైర్యం వచ్చినప్పుడు వస్తాను.

తిరుమలరావు


తగరపువలస,
29 జూన్ 2025.

బావకి,

పార్సిలు అందింది. పదమూడో తారీఖున వచ్చింది. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడానికి కారణం కోపం కాదు. ఏం రాయాలో తేలక.

ఉత్తరం నేను ఒకసారి చదివి అలాగే తీసుకెళ్లి శ్రీసత్య ముందు పెట్టాను. పక్కన కారూ, నీ మార్చి ఉత్తరమూ పెట్టాను. అది ఉత్తరం రెండుసార్లు చదివింది. కారు తిప్పి తిప్పి చూసింది. ముక్కు మీద తెల్లగా గీకిన చోట వేలితో రుద్దింది. నేను నిలబడే ఉన్నాను. ఆరు నెలల నుంచి ఆ క్షణం కోసమే బతికాను కదా, కూర్చోవాలని కూడా తోచలేదు.

తలెత్తి నాకేసి చూసింది. కోపంగా చూడలేదు. "మావయ్య సేత కూడా రాయించేసావా, నాన్నా?" అంది.

కాదమ్మా అన్నాను. వాడంతట వాడే రాశాడన్నాను. మరి నీలం ఏదీ అంది. మార్చిలో ముక్కు మీద ఏమీ లేదని రాసి, జూనులో ఉండేదని ఎందుకు రాశాడంది. అత్తయ్య పోరు పడలేక రాసుంటాడంది. తెలివైన పిల్ల, బావా. అది అడిగినవన్నీ సరైన ప్రశ్నలే.

తర్వాత లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలే నాన్నా. నా మంచికే కదా సేసావు. నాకింక కోపం లేదులే" అంది. నువ్వు ఫోనులో చెప్పిన మాటే.

నేను చెయ్యలేదమ్మా అని అనాలి. నోటి దాకా వచ్చింది. అన్నానంటే ఆ చెయ్యి తీసేస్తుంది. లేచి వెళ్లిపోతుంది. మళ్లీ పెరుగు కావాలేమో ఆయన్నడుగు అంటుంది. ఈసారి ఎన్నాళ్లో నాకు తెలియదు.

తల ఊపాను.

ఆ రోజు మేమిద్దరం కలిసి భోంచేశాం. పళ్లెంలో పెరుగు అదే వేసింది. ఈశ్వరి వంటింట్లోకెళ్లి ఏడ్చింది, సంతోషంతో. మర్నాడు ఆ స్కూలు ఉద్యోగానికి వెళ్లి అడిగి చేరింది. పొద్దున్నే నా సైకిలు మీదే వెళ్తోంది. కారుని కిటికీలో పెట్టింది, నాన్న నాకోసం ఓడిపోయిన కారు అని స్నేహితులకి చూపిస్తోంది.

నువ్వు ఎవరికీ ఫోన్లు చెయ్యకు. ఈ పాటికి ఎవరికైనా చేసి ఉంటే, పొరపాటయిందని మళ్లీ చేసి చెప్పు. నిజం తిరిగి తిరిగి దాని చెవిన పడితే నేను తల ఊపింది అబద్ధమని తెలుస్తుంది. అప్పుడు ఇంక దేన్నీ నమ్మదు. ఇక్కడికి రావద్దు కూడా. నిన్ను చూస్తే నేను నోరు మూసుకుని ఉండగలనో లేదో.

పార్సిల్లో పెట్టిన ఎండు నెత్తళ్లు అందాయని కుసుమకి చెప్పు.

ఆ పని నేనే చేశాను, బావా. ఇకమీద ఎవరడిగినా అదే చెప్పు.

నీలకంఠం